ఆ 640 రూపాయల సంతకం

సమస్య:

మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. బీకాం ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ దాకా కబడ్డీ ఆడాను. మోకాలి లిగమెంటు తెగి ఆపేశాను. ఆటకు దూరంగా ఉండలేక స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో పీజీ చేద్దామనుకుంటున్నాను. నాన్న వినగానే, “మ్యాచ్‌లు పెట్టించడం కూడా ఒక చదువేనా? బీఈడీ చెయ్యి, లేదా బ్యాంకు పరీక్షలు రాయి” అన్నారు. రాత్రిళ్లు మగవాళ్ల మధ్య తిరిగే ఉద్యోగమంటే సంబంధాలు రావని అమ్మ భయం. ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు ఏడాదికి లక్షన్నర అడుగుతున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. నాకేమో అనుభవం ఏమీ లేదు. మా ఊరి సంక్రాంతి పోటీలకు మాత్రం నాలుగేళ్లుగా డ్రా వేసేదీ, ఖర్చుల పుస్తకం రాసేదీ నేనే. మొన్నటిసారి 24 జట్లు వచ్చాయి. మిగిలిన 640 రూపాయలు హెడ్మాస్టరు గారికి అప్పజెప్పి సంతకం తీసుకున్నాను. కరపత్రంలో నిర్వాహకుడిగా అన్నయ్య పేరు వేస్తారు, అది పెద్ద విషయం కాదులెండి. నాన్నను ఒప్పించే దారి చెప్పండి.

— ఒక చెల్లెలు

సలహా:

అమ్మాయీ, అనుభవం ఏమీ లేదని రాసిన చేత్తోనే ఆ 640 రూపాయల సంగతీ రాశావు. నీకు జవాబు రాయాలనిపించింది అందుకే.

24 జట్లంటే నాకౌట్‌లో 23 ఆటలు. మొదటి రౌండులో 8 జట్లకు బై ఇవ్వాలి, అంటే ఆడకుండానే రెండో రౌండుకు పంపాలి. ఎవరికిచ్చినా మిగతా ఊళ్లవాళ్లు వచ్చి నిలదీస్తారు. వాళ్లకు సర్దిచెప్పి, పండగ దాటకుండా ఫైనల్ ఆడించి, ఆఖరి రూపాయికి కూడా లెక్క అప్పజెప్పిన పిల్లకు అనుభవం లేదా? మన దేశంలో ఆడేవాళ్లకు కరువు లేదు, ఆటను నమ్మకంగా నడిపేవాళ్లకే కరువు. నువ్వు ఆడిన కబడ్డీనే చూడు. దాని జాతీయ సమాఖ్యను 2018లో ఢిల్లీ హైకోర్టు ఒక అడ్మినిస్ట్రేటర్ చేతిలో పెట్టాల్సి వచ్చింది. హైదరాబాద్ క్రికెట్ సంఘం వ్యవహారాలను 2023లో సుప్రీంకోర్టు ఒక విశ్రాంత న్యాయమూర్తికి అప్పగించింది. నీ పుస్తకం లాంటి పుస్తకాలు అందరి దగ్గరా ఉంటే కోర్టులకు ఇంత పని ఉండేది కాదు.

చదువు సంగతి. గ్యారంటీ ఇచ్చే కాలేజీకి డబ్బు కట్టకు. నిరుడు చదివినవాళ్లు ఏ జట్టులో, ఏ స్టేడియంలో ఇంటర్న్‌షిప్ చేశారో అడుగు, ఇద్దరు ముగ్గురితో నేరుగా మాట్లాడు. కోల్‌కతాలో ఐఐఎస్‌డబ్ల్యూబీఎం అనే మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది, గ్వాలియర్‌లో లక్ష్మీబాయి వ్యాయామ విద్యా సంస్థ ఉంది, వాటి వివరాలు కూడా తెప్పించుకో. స్పాన్సర్ల ఒప్పందాలు, టికెట్లు, స్టేడియం నిర్వహణ, ఆటగాళ్ల కాంట్రాక్టులు, ఈ చదువులో ఉండేవి ఇవీ. బీకాం చదివిన నీకు లెక్కల భాగం తేలిక. మొదట్లో జీతం తక్కువే, సీజన్ అయిపోతే ఖాళీగా కూర్చోవాల్సి రావచ్చు. ఇది నాన్నకు ముందే చెప్పు, దాచకు.

మీ నాన్నగారికి ఒక మాట. అయ్యా, మ్యాచ్‌లు పెట్టించడం చదువేనా అన్నారు. 2014లో ప్రో కబడ్డీ మొదలైన నాటి నుంచి తెలుగు టైటాన్స్ జట్టు ఉంది. బరిలో ఆడేది ఏడుగురే, వాళ్ల వెనక ప్రయాణాలు, వైద్యం, డబ్బు చూసేవాళ్లు ఎందరో. మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయింది. ఆట ఆపేశాక కూడా ఆటలో ఆడపిల్లకు చోటుందని చెప్పడానికి ఇంకేం కావాలి?

ఇక నన్ను బాధపెట్టింది, “పెద్ద విషయం కాదులెండి” అన్న నీ మాట. అది పెద్ద విషయమేనమ్మా. ఇంట్లో పెళ్లయితే ఎవరికి ఏం పెట్టాలో, ఏ సరుకు ఎంత తేవాలో ఆడవాళ్లకే తెలుసు. శుభలేఖలో మాత్రం ‘ఆహ్వానించువారు’ అన్నచోట మగవాళ్ల పేర్లుంటాయి. పాలకేంద్రం లెక్క తల్లి చూస్తుంది, పాసుపుస్తకం తండ్రి జేబులో ఉంటుంది. కూతురు చేస్తే సాయం, కొడుకు చేస్తే బాధ్యత. ఇలా పెరిగిన పిల్ల రేపు ఇంటర్వ్యూలో కూర్చుని కూడా అనుభవం ఏమీ లేదనే చెబుతుంది. నాలుగేళ్లు రాత్రిళ్లు మేలుకుని పోటీలు నడిపినప్పుడు అడ్డురాని సంబంధాలు, అదే పనికి జీతం వస్తుందంటే ఎందుకు అడ్డొస్తాయి? మీ అమ్మను ఈ మాటే అడుగు.

నాన్నను ఒప్పించడానికి ఉపన్యాసాలు వద్దు. ఆ నాలుగేళ్ల పుస్తకం ఆయన ముందు పెట్టి, హెడ్మాస్టరు గారిని కూడా కూర్చోబెట్టుకుని పేజీ పేజీ చూపించు. రేపు అడ్మిషన్‌కు వెళ్లినా ఆ పుస్తకం వెంట తీసుకెళ్లు. వచ్చే సంక్రాంతికి కరపత్రం అచ్చుకు వెళ్లేలోపు నిర్వాహకురాలిగా నీ పేరు వేయమని అడుగు. వేయకపోతే ఆ ఏడు డ్రా మీ అన్నయ్యనే వేయమను.