లాగ్స్ చూస్తే నిద్రొస్తోందన్న చిట్టికి

బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం.

చిట్టితల్లీ,

మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. గచ్చిబౌలి హాస్టల్లో నువ్వు రాత్రిళ్ళు మ్యాగీతో సరిపెట్టుకుంటున్నావని ఆవిడ బెంగ. నా బెంగ వేరు. మొన్న నువ్వే అన్నావు కదా, "హ్యాకింగ్ నేర్పుతారనుకున్నా పిన్నీ, సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్, అదే ఎస్‌ఓసీలో కూర్చోబెట్టి లాగ్స్ చూడమంటున్నారు, నిద్రొస్తోంది" అని. అప్పుడు నవ్వేశాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఫోన్లో ఏం చెప్పినా "సరే పిన్నీ, సరే పిన్నీ" అంటావు. ఉత్తరమైతే మధ్యలో కట్ చేయలేవు. అందుకే రాస్తున్నాను, కూర్చుని చదువు.

ఇంటర్న్‌షిప్‌కి నీకు దొరికింది మంచి చోటే. మీ క్లాసులో ఎంతమంది డబ్బు కట్టి, నాలుగు వీడియోలు చూసి, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకుని దాన్నే ఇంటర్న్‌షిప్ అంటున్నారో నువ్వే చెప్పావు. వాళ్ళని ఏమీ అనను. కాలేజీ క్రెడిట్లు అడుగుతుంది, ప్రతి పిల్లకీ ఒక కంపెనీ ఎక్కడినుంచి వస్తుంది? కానీ నీ ముందు ఒక నిజమైన ఆఫీసు తాలూకు నిజమైన లాగ్స్ ఉన్నాయి. ట్రైహ్యాక్‌మీ ప్రాక్టీసు సైట్‌లో ఆడినప్పుడు ఎక్కడో ఒకచోట ఫ్లాగ్ దాచి ఉంటుందని నీకు ముందే తెలుసు. ఇక్కడ ఫ్లాగ్ ఉందో లేదో మీ మేనేజర్‌కి కూడా తెలీదు. వెయ్యి అలర్టుల్లో ఒక్కటీ నిజం కాకపోవచ్చు. అయినా ప్రతిదాన్నీ చూడాలి. నిద్రొచ్చేది అందుకే, నేర్చుకునేదీ అక్కడే.

నేను చేరిన కొత్తల్లో నాకూ నైట్ షిఫ్టే. కంపెనీ పేరు ఎందుకులే. ఒక రాత్రి ఒకే సర్వర్ మీద, ఒకే అకౌంట్‌తో 4625లు వర్షంలా పడ్డాయి. విండోస్‌లో లాగిన్ విఫలమైన ప్రతిసారీ పడే నంబరు అది, ఈపాటికి నీకు కంఠతా వచ్చే ఉంటుంది. దాడి జరుగుతోందని నేను హడావిడి చేసి సీనియర్‌ని నిద్రలేపాను. తీరా చూస్తే బ్యాకప్ తీసే సర్వీస్ అకౌంట్! ఎవరో దాని పాస్‌వర్డ్ మార్చారు, బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో కొత్తది పెట్టడం మరిచారు. అందరూ నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. ఆ తర్వాత 4625లు గుంపుగా కనిపిస్తే చాలు, ఫాల్స్ పాజిటివ్ అని కొట్టి టికెట్ మూసేయడం మొదలుపెట్టాను. నా క్యూ ఎప్పుడూ ఖాళీ. షిఫ్టులో నా అంత చురుకైనవాళ్ళు లేరని కూడా అనుకునేదాన్ని.

అలా మూసినవాటిలో ఒకదాని చివర 4624 ఉంది. అంటే అన్నిసార్లు విఫలమై, చివరికి లాగిన్ అయింది. అకౌంట్ కూడా బ్యాకప్‌ది కాదు, ఒక మనిషిది. నేను కింది దాకా చూడనేలేదు. మర్నాడు మా పై స్థాయిలో, అంటే ఎల్2లో ఉన్న ఆయన దాన్ని పట్టుకున్నాడు. నన్ను తిట్టలేదు. "టికెట్లో ఏం రాశావమ్మా?" అని మాత్రం అడిగాడు. నేను రాసింది రెండే మాటలు. ఏ మెషీన్ నుంచి వచ్చింది, నేను ఏం చూశాను, ఏం చూడలేదు, ఏదీ లేదు. వాళ్ళు మొదటినుంచీ మళ్ళీ తవ్వుకోవాల్సి వచ్చింది. అదృష్టం బాగుండి పెద్ద నష్టమేమీ జరగలేదు. జరిగి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనుకుంటాను.

కాబట్టి తల్లీ, టికెట్ మూసేముందు నాలుగు ముక్కలు తిన్నగా రాయి. ఏ అకౌంట్, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎప్పుడు, ఏమేం సరిచూశావు, దేనివల్ల మూస్తున్నావు. చూడనిది చూడలేదనే రాయి. అది చిన్నతనం కాదు. నీ తర్వాత వచ్చే షిఫ్టువాడికి అన్నిటికన్నా పనికొచ్చే వాక్యం అదే.

టైము సంగతి వేరే చెప్పాలి. చాలాచోట్ల లాగ్స్ అన్నీ చేరే సీమ్‌లో టైము యూటీసీలో ఉంటుంది, మనం ఐదున్నర గంటలు ముందున్నాం. "రాత్రి 2 గంటలకు అనుమానాస్పద లాగిన్" అని నువ్వు కంగారుగా రాసింది, పొద్దున ఏడున్నరకి ఎవరో పాపం కాఫీ తాగి ల్యాప్‌టాప్ తెరవడమే కావచ్చు. నవ్వకు, ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు ఇలా రాస్తారు. గడియారాల విషయం ప్రభుత్వం కూడా తేలిగ్గా తీసుకోలేదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు ఒకసారి తీసి చదువు. ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో గడియారాలు కలపమన్నారు, లాగ్స్ 180 రోజులు దాచమన్నారు, దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో తమకు చెప్పమన్నారు. ఆ ఆరు గంటలు నీ షిఫ్టు కన్నా తక్కువ. అందులో మూడు గంటలు నీ టికెట్ అర్థం చేసుకోవడానికే పోతే ఎలా?

ఇప్పుడు అసలు తిట్టాల్సిన సంగతి. మీ కాలేజీ రిజల్ట్స్ సైట్లో అడ్రస్ చివర నంబరు మారిస్తే పక్కవాళ్ళ మార్కులు కనిపిస్తున్నాయని నవ్వుతూ చెప్పావు. ఎన్ని నంబర్లు మార్చావని అడిగితే "చాలానే" అన్నావు. నాకు గుండె జారిపోయింది! ఒక్కటి మార్చగానే లోపం తెలిసిపోయింది కదా, మిగతావి ఎందుకు? గొళ్ళెం పడలేదని వీధిలోంచే పిలిచి చెప్పేవాళ్ళు వేరు, లోపలికెళ్ళి బీరువాలో చీరలు లెక్కపెట్టి వచ్చి చెప్పేవాళ్ళు వేరు. ఐటీ చట్టంలో 43వ సెక్షన్ మొదలయ్యేదే అనుమతి దగ్గర. దురుద్దేశంతో చేశావని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నీ మనసులో దురుద్దేశం లేదని నాకు తెలుసు. కానీ సర్వర్ లాగ్‌లో మనసు ఉండదే. వరసగా నంబర్లు, ఒక ఐపీ అడ్రస్, అంతే ఉంటుంది. ఆ లాగ్ రేపు నీలాంటి పిల్ల ఎవరో చూస్తుంది.

భయపడకు, భయపెట్టాలని కాదు. లోపాన్ని పట్టుకున్నావు, అది తెలివే. వెబ్ లోపాల మీద ఓవాస్ప్ ఇచ్చిన 2021 జాబితాలో మొదటి స్థానంలో ఉన్న తప్పు అదే కోవకి చెందింది. ఇకమీదట ఆ సైట్ ముట్టుకోకు. ఎవరి మార్కులైనా సేవ్ చేసి ఉంటే తీసెయ్. ఏం చూశావో అర పేజీ రాసి నాకు పంపు, ఎవరికి ఎలా చెప్పాలో కలిసి చూద్దాం. కాలేజీవాళ్ళు పట్టించుకోకపోతే సెర్ట్-ఇన్‌కి చెప్పే దారి కూడా ఉంది. ఆఫీసులోనూ ఇదే పద్ధతి. ఎన్‌మ్యాప్, బర్ప్ లాంటి పరీక్షించే టూల్ ఏదైనా, ఏ మెషీన్ల మీద, ఏ రోజుల్లో నడపవచ్చో రాతపూర్వకంగా ఉంటేనే ముట్టుకో. "పర్లేదు, ట్రై చెయ్" అని ఎవరైనా నోటితో అంటే, "మెయిల్ పెట్టండి సార్" అను. మొహమాటపడకు. ఈ రంగంలో ఆ మాటకి ఎవరూ నొచ్చుకోరు, నొచ్చుకుంటే వాళ్ళనే అనుమానించాలి.

ఐడీ కార్డు మెళ్ళో వేసుకుని, వెనకాల స్క్రీన్లు కనిపించేలా దిగిన ఫొటో లింక్‌డిన్‌లో పెట్టావు. బాగున్నావు, మీ అమ్మ ఊళ్ళో అందరికీ చూపిస్తోంది. వెంటనే తీసెయ్. ఆ కంపెనీ ఏ సాఫ్ట్‌వేర్ వాడుతోందో ఆ స్క్రీన్లే చెబుతున్నాయి, కొత్తగా చేరిన అమ్మాయి ఎవరో నీ మొహం చెబుతోంది. మెయిల్ పంపాలనుకున్నవాడికి ఇంకేం కావాలి? 2022 జనవరిలో హైదరాబాద్‌లోనే మహేష్ బ్యాంకు నుంచి 12 కోట్లకు పైగా తరలించారు. ఉద్యోగులకి పంపిన ఫిషింగ్ మెయిళ్ళతోనే దొంగలు లోపలికొచ్చారని పోలీసులు తేల్చారు. ఆ కేసు వివరాలు పేపర్లలో చాలా వచ్చాయి. మనకి ఇంత దగ్గరి పాఠం దొరకదు, వెతికి చదువు.

ఇంటర్న్‌షిప్‌లో మిగిలిన రోజుల్లో ఒక పని చెయ్యి. ఖాళీ దొరికితే కొత్త టూల్ కోసం పరుగెత్తకుండా, ఎల్2 వాళ్ళు మూసిన పాత టికెట్లు అడిగి తీసుకుని చదువు. ఒక్కోదాన్లో వాళ్ళు ముందు ఏం చూశారు, తర్వాత ఎటు వెళ్ళారు అన్నది గమనించు. అర్థం కాకపోతే పక్కన కూర్చుని అడుగు. ఇంటర్న్ ఏం అడిగినా చెల్లుతుంది, ఉద్యోగం వచ్చాక అంత తేలిగ్గా అడగలేవు. ఇంట్లో వైర్‌షార్క్ తెరిచి నీ ఫోన్ ఒక వెబ్‌సైట్ తెరిచేటప్పుడు ఏమేం వెళ్తున్నాయో చూడు. నీ ఫోన్ మాత్రమే, హాస్టల్లో మిగతా పిల్లలవి కాదు! మళ్ళీ చెప్పాల్సి వస్తుందేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

రాత్రి షిఫ్టు అయిపోయాక కంపెనీ క్యాబ్ వచ్చేదాకా లోపలే ఉండు. బైక్ ట్యాక్సీ చవకని ఎక్కొద్దు. టిఫిన్ బాక్సులో చపాతీలైనా పెట్టుకెళ్ళు. స్టైపెండ్ ఇంకా పడలేదని మీ అమ్మ చెప్పింది. మీ నాన్నని అడగడానికి నీకు మొహమాటమని నాకు తెలుసు. నీ అకౌంట్‌కి మూడు వేలు వేశాను, తిరిగి ఇవ్వనక్కర్లేదు. చూసుకుని మెసేజ్ పెట్టు.

నీ పిన్ని