భూగర్భంలో వెతుకులాట: చదువు ఏది, కొలువు ఎక్కడ?

2021 మేలో అలిపిరి పరిసరాల్లో శేషాచలం కొండను తొలిచి దాదాపు 80 అడుగుల సొరంగం తవ్విన ముఠాను తిరుపతి పోలీసులు పట్టుకున్నారు. గుప్త నిధి ఉందన్న నమ్మకమే వాళ్ల చేత అంత పని చేయించింది. చిత్తూరు పల్లెల్లో పాడుబడిన గుడి, కూలిన కోటగోడ ఉన్నచోటల్లా ఇలాంటి గుంతల కథలు వినిపిస్తాయి. రోజు కూలికి ఆశపడి ఆ గుంతల్లో దిగే కుర్రాళ్లను తలుచుకుంటే బాధేస్తుంది. బియ్యాన్ని లాగే అద్భుత పాత్రలంటూ నమ్మించే ‘రైస్ పుల్లింగ్’ పేరుతో అప్పులు చేసి మోసపోయిన కుటుంబాలదీ అదే దారి. నేల కింద ఏముందో తెలుసుకోవాలన్న ఆ కుతూహలం తప్పు కాదు. దాన్ని చదువుగా, జీతంగా మార్చే మార్గాలు ఇదే తిరుపతిలో మొదలవుతాయి.

ముందు చట్టం సంగతి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. మట్టిలో దాగిన, పది రూపాయలు మించిన విలువ గల వస్తువు దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచేస్తే ఏడాది వరకు జైలు. అడవిలోనో, రక్షిత కట్టడం దగ్గరో తవ్వితే వేరే కేసులు అదనం. ఉద్యోగాల కోసం పోలీసు వెరిఫికేషన్‌కు వెళ్లాల్సిన వయసులో ఇది చిన్న విషయం కాదు.

ఇక అలిపిరి నుంచి ఘాట్ రోడ్డులో వెళ్లేటప్పుడు బస్సు కిటికీలోంచి కొండ కోతను గమనించండి. కింద గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్. రెండూ తాకే ఆ గీత దగ్గర కనీసం 50 కోట్ల ఏళ్ల చరిత్ర లేదు. ఆ కాలంలో పేరుకున్నదేదైనా ఉంటే కొట్టుకుపోయింది. జియాలజిస్టులు దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. ఇది జాతీయ భూవిజ్ఞాన స్మారకం. రోజూ వేలమంది దీని పక్క నుంచే వెళ్తారు. ఆ గీతను చూసి ఆగే మనసు మీకుంటే బీఎస్సీ జియాలజీ మీకు నప్పుతుంది. ఇంటర్‌లో సైన్స్ గ్రూపు ఉంటే చాలు. అలిపిరికి కూతవేటు దూరంలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జియాలజీ విభాగం ఉంది. కడప యోగి వేమన, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లోనూ ఈ చదువు ఉంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ ప్రవేశ పరీక్ష రాయాలి.

బంగారం వెతకడమంటే ఎలా ఉంటుందో తెలియాలంటే కుప్పం వైపు చూడాలి. గుడుపల్లె మండలం చిగరగుంటలో భారత్ గోల్డ్ మైన్స్ గని నడిచింది. సరిహద్దు దాటితే కోలార్. 2001 ఫిబ్రవరి 28న కోలార్ గనులు మూతపడ్డాయి. అప్పటికి ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల లోతు దాటింది. టన్ను రాయి పిండితే చివరికి చేతికొచ్చే బంగారం కొద్ది గ్రాములే. ఆ రాయిలో బంగారం చాలావరకు కంటికి ఆనదు కూడా. అందుకే డ్రిల్లింగ్ చేసి బయటికి తీసిన రాతి కడ్డీలను లోతు రాసి పెట్టెల్లో పేరుస్తారు. జియాలజిస్టు చేతిలో లెన్సుతో అంగుళం అంగుళం చూసి నమోదు చేస్తాడు. కడ్డీని నిలువునా కోసి సగం ల్యాబుకు పంపుతారు, సగం దాస్తారు. ఎండలో, షెడ్డులో, ఓపికతో చేసే పని ఇది. తొందరపడేవాళ్లకు నచ్చదు.

గనిలోనే పనిచేయాలనుకునేవాళ్లకు మైనింగ్ ఇంజినీరింగ్ ఉంది. కొత్తగూడెం మైన్స్ కళాశాల, ధన్‌బాద్ ఐఐటీ పేరున్నవి. డిగ్రీతో పాటు గనుల భద్రతా డైరెక్టరేట్ (డీజీఎంఎస్) ఇచ్చే మేనేజర్ సర్టిఫికెట్లు ఉంటేనే పదోన్నతి. తిరుపతికి దగ్గర్లో మంగంపేట ముగ్గురాయి గనులున్నాయి. 2019 నుంచి మహిళలు భూగర్భ గనుల్లో టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజర్ పనులు చేయొచ్చు. రాతిధూళితో వచ్చే సిలికోసిస్ నయం కాని జబ్బు. మాస్కు, తడి డ్రిల్లింగ్ విషయంలో రాజీపడే యాజమాన్యం దగ్గర ఎంత జీతమిచ్చినా చేరకండి.

ఇక నేల కిందే కాదు, సముద్రం అడుగునా ఖనిజాల వెతుకులాట ఉంది. అది కొత్త ముచ్చటేమీ కాదు. 1981 జనవరి 26న గవేషణి నౌక హిందూ మహాసముద్రం అడుగు నుంచి మాంగనీస్ ముద్దలను పైకి తెచ్చింది. బంగాళాదుంప సైజులో ఉండే ఈ నల్లటి ముద్దల్లో నికెల్, రాగి, కోబాల్ట్ ఉంటాయి. పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో అన్వేషణకు అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో మన దేశానికి ఒప్పందం ఉంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) తయారుచేస్తున్న మత్స్య 6000 అనే జలాంతర్గామి వాహనం ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లాలి. అక్కడ పీడనం మన మీదున్న గాలి ఒత్తిడికి దాదాపు 600 రెట్లు. అందుకే ఈ రంగానికి జియాలజిస్టుల కంటే మెకానికల్, ఎలక్ట్రానిక్స్, మెటలర్జీ ఇంజినీర్లు ఎక్కువ కావాలి. ఐఐటీ మద్రాసులో ఓషన్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. వాణిజ్య తవ్వకానికి అంతర్జాతీయ నిబంధనలు ఇంకా ఖరారు కాలేదు. అడుగున లేచే బురద అక్కడి జీవులను ఏం చేస్తుందన్న భయం నిజమైనదే. దాన్ని తేల్చడానికి సముద్ర జీవశాస్త్రం చదివినవాళ్లూ కావాలి. ఇప్పటికి కొలువులన్నీ పరిశోధనలోనే. గని జీతాలు ఊహించుకుని దిగొద్దు.

పాత వస్తువుల మీదే మనసుంటే ఆర్కియాలజీ, శాసనలిపి చదవండి. తిరుమల సంకీర్తనా భాండారంలోని అన్నమయ్య రాగిరేకులు గత శతాబ్దంలోనే వెలుగులోకి వచ్చాయి. వాటి విలువ రాగి తూకంలో లేదు. చదవగలిగినవాళ్లు ఉండబట్టి పాటలు మనకు దక్కాయి. గుంతలు తవ్వేవాళ్లు మొదట పాడుచేసేది అలాంటి ఆధారాలనే.

జియాలజీలో ఎమ్మెస్సీ చేసినవాళ్లకు పెద్ద గుమ్మం యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష. జియలాజికల్ సర్వే, కేంద్ర భూగర్భజల బోర్డుల పోస్టులు దీనితోనే భర్తీ అవుతాయి. వయసు 21 నుంచి 32, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. నోటిఫికేషన్ సాధారణంగా సెప్టెంబరులో, ప్రిలిమ్స్ ఫిబ్రవరిలో, మెయిన్స్ జూన్‌లో. ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ దరఖాస్తు చేయొచ్చు.