మియాటా కొనేముందు కార్పెట్ ఎత్తి చూడండి

డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో మనవాళ్ల ఇళ్ల ముందు బళ్లన్నీ ఇంచుమించు ఒకటే. ఒక క్యామ్రీ, ఒక ఒడిస్సీ, ఈమధ్య ఒక టెస్లా. ఉద్యోగంలో కుదురుకుని, ఇల్లు కొని, పిల్లలు కాస్త పెద్దయ్యాక కొందరికి టాప్ తీసి తిరిగే కారు మీదికి మనసు పోతుంది. తప్పేం లేదు, సంపాదించేదంతా మార్ట్‌గేజికే కాదు గదా. కొత్తదానికి అంత డబ్బు పెట్టడం ఇష్టంలేని వాళ్ల చూపు సెకండ్ హ్యాండ్ మీదికి, అందులోనూ మాజ్దా మియాటా మీదికి వెళ్తుంది. వెళ్లాల్సిందే. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి కనబడిన ఈ రెండు సీట్ల కారు 2016 కల్లా పది లక్షలు తయారైంది. ఇన్ని అమ్ముడైన రెండు సీట్ల కన్వర్టిబుల్ స్పోర్ట్స్ కారు ప్రపంచంలో మరొకటి లేదు. విడిభాగాలు దొరుకుతాయి, దీని సంగతి తెలిసిన మెకానిక్‌లు ఉంటారు, ఇంజన్ గట్టిది.

ఆ ఇంజన్ గట్టిదనే ధీమాతోనే కొనేవాళ్లు బోల్తా పడుతుంటారు. హుడ్ ఎత్తించి, ఇంజన్ చప్పుడు విని, ఫ్రీవే మీద ఒక రౌండు కొట్టి బేరం మొదలెడతారు. పాత మియాటాను పాడుచేసేది ముఖ్యంగా నీళ్లు. కన్వర్టిబుల్ కొంటున్నామంటే కారుతో పాటు ఒక గుడ్డ కప్పును కూడా కొంటున్నాం. దాని మీద పడిన వాన ఎటు పోతుందో తెలుసుకోకుండా చెక్కు రాయకూడదు.

టాప్ మీద పడ్డ నీళ్లు వెనక అద్దం కిందుగా ఉన్న కాలువలోకి దిగి, అక్కణ్నించి సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న డ్రెయిన్ గొట్టాల్లోంచి, వెనక చక్రాలకు కాస్త ముందు బండి కిందకి కారిపోవాలి. చెట్టు కింద నిలిపిన కారైతే ఆ గొట్టాల్లో ఆకులూ దుమ్మూ చేరి ముద్దకడతాయి. అప్పుడు నీళ్లు రెండు దారులు పడతాయి. ఒకటి క్యాబిన్‌లోకి. ఇది నయం, కార్పెట్ తడిసి కంపు కొడుతుంది గనక వెంటనే తెలిసిపోతుంది. రెండోది తలుపు కింద పొడుగ్గా ఉండే రాకర్ ప్యానెల్ లోపలికి. ఇది ప్రమాదం. రేకు లోపలినుంచి తుప్పు పట్టి, పైన పెయింటు పొంగేసరికి లోపల మిగిలేది ఉండదు. ఆ భాగం కారు బలానికి ఆధారం. పైకప్పు లేని కారుకి మరీనూ.

అందుకని చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక టార్చి, ఒక నీళ్ల సీసా, ఒక చిన్న అయస్కాంతం వెంట తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు సాధారణంగా టాప్ దించి, కారు తుడిచి, ఎండలో నిలబెట్టి ఉంచుతారు. మీరు ముందు టాప్ వేయమనండి. అది తేలిగ్గా వస్తోందా, కొక్కేలు సరిగ్గా పడుతున్నాయా, కుట్ల దగ్గర చిరుగులున్నాయా చూడండి. లోపల కూర్చుని తలుపులు వేసుకుంటే ఎక్కడైనా వెలుతురు కనబడుతుందా? కనబడితే వానా వస్తుంది. తర్వాత సీట్లు ముందుకు జరిపి, వెనక కార్పెట్ కిందికి చెయ్యి పోనివ్వండి. తడిగా ఉన్నా, ముక్కవాసన వస్తున్నా కారణం అడగండి. చివరగా టాప్ వెనక అంచు మీద నీళ్లు మెల్లగా పోసి, బండి కిందికి వంగి చూడండి. రెండు పక్కలా కారాలి. ఒక పక్కే కారితే రెండో పక్క రాకర్ ప్యానెల్ కింది అంచును వేలితో నొక్కి, అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. వీలుంటే పెద్ద వాన పడిన మర్నాడే వెళ్లండి.

టెక్సస్ కారుకి ఒక మేలుంది. ఇక్కడ రోడ్ల మీద మంచుకాలపు ఉప్పు తక్కువ. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ నుంచి వచ్చిన కారైతే తుప్పు విషయంలో రెట్టింపు అనుమానంతో చూడండి, ముఖ్యంగా 1999-2005 మోడళ్లలో ముందువైపు ఫ్రేమ్ రెయిల్స్. మన దగ్గర తిప్పలు వేరు: ఎండ, వడగళ్లు. ఎండకి గుడ్డ పెళుసెక్కుతుంది, పాత కార్లలోని ప్లాస్టిక్ వెనక కిటికీ పసుపుపచ్చగా మారి పగులుతుంది. ఆ కిటికీ జిప్పు విప్పకుండా టాప్ దించే ఓనరు ఉంటే అది మరీ త్వరగా పోతుంది. కొత్త టాప్, వేసే కూలీ కలిపితే తేలిగ్గా వెయ్యి డాలర్లు దాటుతుంది. బేరంలో ఆ అంకె తీసేయండి. పాత మోడళ్లకు విడిగా బిగించే హార్డ్ టాప్ కూడా కలిపి ఇస్తానంటే మాత్రం వదులుకోవద్దు, దానికి విడిగా మంచి ధర పలుకుతుంది. మోటారుతో మడతపడే పైకప్పు ఉన్నవాటిని, అంటే 2007 తర్వాతి హార్డ్ టాప్, 2017 తర్వాతి ఆర్ఎఫ్, అక్కడికక్కడే రెండుమూడుసార్లు పూర్తిగా తెరిచి మూయించండి. మధ్యలో ఆగినా, కీచుమన్నా ఆ బాగుచేత ఖరీదు మీ నెత్తినే పడుతుంది.

ఇప్పుడు ఇంజన్ దగ్గరికి. ఫోన్‌లోనే చెప్పండి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే హుడ్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారని నా లెక్క. చల్లటి ఇంజన్ మీదే పొగ, చప్పుడు బయటపడతాయి. 1990-97 కార్లలో స్టార్ట్ చేయగానే కాసేపు టకటక చప్పుడు రావడం మామూలే, అది లిఫ్టర్లది, కంగారు పడనక్కర్లేదు. 1990, 1991 తొలి 1.6 లీటర్ ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ ముందుభాగం బలహీనంగా ఉండి, దాని మీది పుల్లీ వదులై ఊగేది. ముందునుంచి చూస్తూ ఇంజన్ నడిపించి ఆ పుల్లీ ఊగుతోందేమో చూడాలి. 2005 వరకు వచ్చినవాటికి టైమింగ్ బెల్టు ఉంటుంది, సుమారు అరవై వేల మైళ్లకొకసారి మార్చాలి. మార్చిన బిల్లు చూపించమనండి. బిల్లు లేదంటే మార్చలేదనే అనుకోండి. 2006 నుంచి చైన్ వచ్చింది, ఆ ఖర్చు తప్పింది. 2016, 2017 కార్లలో గేర్‌బాక్సులు పోయిన సందర్భాలు ఉన్నాయి, మాజ్దా తర్వాత లోపలి భాగాలు మార్చింది. వాటిని నడిపేటప్పుడు రెండు, మూడు గేర్లు వేసేచోట చేతికి గరగర తగిలితే వదిలేయండి.

క్లచ్ పరీక్ష తేలిక. పై గేర్లో తక్కువ వేగంలో ఉన్నప్పుడు గట్టిగా తొక్కితే, ఇంజన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయినట్టే. ఇండియాలో మారుతి మీద నేర్చుకున్నవాళ్లకి పెడళ్లు అవే గానీ గేరు కుడిచేతి కిందికి వస్తుంది. మొదటి వారం ఎడంచేత్తో తలుపును తడుముకుంటారు. అలవాటయ్యాకే ఫ్రీవే ఎక్కండి.

స్పోర్ట్స్ కారు కదా, పాత ఓనరు దీన్ని ఎలా వాడాడన్నది ముఖ్యం. నా ఓటు ఫ్యాక్టరీనుంచి వచ్చింది వచ్చినట్టుగా ఉన్న కారుకే. కిందికి దించిన సస్పెన్షన్, టర్బో, డ్యాష్‌బోర్డ్ కింద టేపు చుట్టిన వైర్లు, సీట్ల వెనక రోల్ బార్ తీసేసిన రంధ్రాలు కనబడితే ఎంత అందంగా ఉన్నా ధర తగ్గించండి, లేదా వెనక్కి తిరగండి. టైర్ల పక్కన ముద్రించిన డాట్ కోడ్‌లో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెప్తాయి: 2319 అంటే 2019లో 23వ వారం. అరుగుదల పెద్దగా లేకపోయినా ఏడెనిమిదేళ్ల టైర్లు ఎండకి గట్టిపడి ఉంటాయి. 1996 నుంచి వచ్చిన కార్లకు లోపాల కోడ్‌లు చదివే ఇరవై ముప్పై డాలర్ల ఓబీడీ రీడర్ తగిలించి చూడండి. చెక్ ఇంజన్ లైటు వెలగకపోయినా, రెడీనెస్ మానిటర్లు చాలావరకు పూర్తికాలేదని చూపిస్తే పొద్దున్నే కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు. డాలస్, కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఎమిషన్స్ పరీక్ష ఇంకా ఉంది గనక అది మీ మెడకే చుట్టుకుంటుంది. ఇరవైనాలుగేళ్లు దాటిన కార్లకు ఆ పరీక్ష లేదు.

కాగితాల పని సాఫ్ట్‌వేర్ వాళ్లకి కష్టం కాదు, బద్ధకమే కష్టం. పదిహేడు అక్షరాల విన్ నంబరు డ్యాష్‌బోర్డ్ మీద, తలుపు స్టిక్కర్ మీద, టైటిల్ మీద ఒకటే ఉండాలి. ఆ నంబరుతో ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో రీకాల్స్, ఎన్ఐసీబీ సైట్‌లో దొంగతనం, శాల్వేజ్ వివరాలు ఉచితంగా చూడొచ్చు. కార్‌ఫాక్స్‌కి డబ్బు కట్టాలి, కట్టండి. 2017లో హ్యూస్టన్‌ను ముంచిన హార్వీ లాంటి తుపాన్ల తర్వాత మునిగిన కార్లు కడిగి వేరే రాష్ట్రాల్లో అమ్మేవాళ్లు ఉంటారు. టైటిల్ మీద బ్యాంకు పేరుంటే, అప్పు తీరిన కాగితం చేతికి రాకుండా డబ్బు ఇవ్వొద్దు. డీలరైతే కిటికీకి అంటించిన బయ్యర్స్ గైడ్‌లో 'యాజ్ ఈజ్' అని ఉందేమో చూడండి. ఉంటే కొన్నాక ఏం పోయినా మీదే బాధ్యత. మూడు రోజుల్లో వెనక్కిచ్చేయొచ్చని చాలామంది నమ్ముతారు గానీ ఆ ఫెడరల్ నిబంధన డీలర్ దగ్గర కొన్న కారుకి వర్తించదు. టెక్సస్‌లో అమ్మినవాళ్లతో కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకే వెళ్లి టైటిల్ మార్పిడికి 130-యు ఫారం ఇచ్చేయడం ఉత్తమం. ముప్పై రోజుల గడువుంది, 6.25 శాతం పన్ను. ధర మరీ తక్కువ రాస్తే పన్ను కలిసొస్తుందనుకోకండి, రాష్ట్రం వేసిన అంచనా విలువలో 80 శాతం మీద లెక్కకడతారు.

ఇక ఇంటి లెక్క. రెండే సీట్లు. పసిబిడ్డ సీటు, వెనక్కి తిరిగి ఉండేది, పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ముందు పెట్టకూడదు, కాబట్టి చంటిపిల్లలున్న ఇంట్లో ఇది ఏకైక కారు కాలేదు. కొనకముందే విన్ నంబరిచ్చి ఇన్సూరెన్స్ కోట్ తీసుకోండి. పాత కార్లకి చాలా బ్యాంకులు లోను ఇవ్వవు, ఇచ్చినా వడ్డీ ఎక్కువ, అంచేత చేతిలో డబ్బుంటేనే కొనండి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇంకొకటి ఆలోచించాలి. ఉద్యోగం పోతే ఉండేది గరిష్ఠంగా అరవై రోజుల గడువు, ఆ అరవై రోజుల్లో ఈ కారును అమ్ముకోవాల్సి రావచ్చు. ఊరికి తీసుకుపోదామనే ఆలోచన పెట్టుకోవద్దు, వాడిన కారును ఇండియాకి తేవాలంటే కుడివైపు స్టీరింగ్ ఉండాలి, మూడేళ్లకంటే పాతది కాకూడదు.

అన్నీ నచ్చాక కూడా, అమ్మేవారికి సంబంధంలేని మెకానిక్ దగ్గర లిఫ్ట్ మీదికి ఎక్కించి చూపించండి. ఆ రుసుము మీరే కట్టండి. కారును లిఫ్ట్ ఎక్కించడానికి ఒప్పుకోని మనిషి దగ్గర, ధర ఎంత తక్కువైనా, కొనొద్దు.