పదిహేను మందితో రతన్‌పూర్

మార్చి పరీక్షలు కాగానే మేం బిలాస్‌పూర్ వదలాలి. నాన్నకు బదిలీ అయింది. ఈ మాట ఊళ్ళో తెలియగానే నాయనమ్మ ఫోన్ చేసి, "మీరక్కడ ఉండగానే ఓసారి వచ్చి చూసి పోతాం" అంది. ఎంతమంది వస్తారో మాత్రం చెప్పలేదు. డిసెంబరు సెలవుల్లో ఒక రోజు విశాఖపట్నం–కోర్బా ఎక్స్‌ప్రెస్ ఆగింది. మావాళ్ళు దిగుతూనే ఉన్నారు. నాయనమ్మ, పెదనాన్న, పెద్దమ్మ, బాబాయి, పిన్ని, ఇద్దరు అత్తలు, ఒక మావయ్య, నలుగురు పిల్లలు. మొత్తం పన్నెండు మంది! మాది రెండు గదుల రైల్వే క్వార్టరు. ఆ రాత్రి వంటగదిలో కూడా పక్కలు వేశాం.

మర్నాడు రతన్‌పూర్ వెళ్ళాలనుకున్నాం. నాన్నకు డ్యూటీ. "నువ్వు నాలుగేళ్ళుగా ఇక్కడే ఉన్నావు కదా, దగ్గరుండి చూపించు" అని నాకు అప్పగించారు. నేను రెండుసార్లు వెళ్ళిన మాట నిజమే. కానీ నాకు గుర్తున్నది బస్సులో పాడిన పాటలూ, తిన్న చిప్సూ మాత్రమే. అందుకని రాత్రి పదకొండు దాకా స్కూలు లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం చదివాను.

తెల్లారేసరికి అమ్మా పెద్దమ్మా రెండు గిన్నెల పులిహోర కలిపారు. ఒక తుఫాన్ బండి, ఒక కారు మాట్లాడుకుని బయలుదేరాం. బిలాస్‌పూర్ నుంచి రతన్‌పూర్ సుమారు 25 కిలోమీటర్లు. నవరాత్రుల్లో ఈ దారంతా రాత్రిపూట నడిచి వెళ్ళే భక్తులతో నిండిపోతుంది. ఇప్పుడు బిలాస్‌పూర్ సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి కేంద్రం, పెద్ద ఊరు. రతన్‌పూర్ చిన్నది. ఒకప్పుడు రాజధాని మాత్రం అదే. 11వ శతాబ్దంలో కలచురి రాజు మొదటి రత్నదేవుడు తుమ్మాణం నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. ఆయన పేరు మీదే ఊరు రత్నపురమైంది, అదే రతన్‌పూర్. కలచురుల పాలనలో శివనాథ్ నదికి ఉత్తరాన 18 కోటలు రతన్‌పూర్ కిందా, దక్షిణాన 18 కోటలు రాయ్‌పూర్ కిందా ఉండేవట. ఆ ముప్పై ఆరు గఢ్‌ల వల్లే ఛత్తీస్‌గఢ్ అనే పేరు వచ్చిందంటారు.

ముందు దారిలో భైరవ బాబాకు మొక్కి, తర్వాత మహామాయ గుడికి వెళ్ళాం. అక్కడ నాకు పని తక్కువ. దేవుడి దగ్గర నాయనమ్మకు ఎవరి సాయమూ అక్కర్లేదు. పిల్లలను లెక్కపెట్టడం నా వంతు. ఒకసారి ముగ్గురే తేలారు. నాలుగోవాడు చెరువు మెట్ల మీద కూర్చుని చేపలకు ప్రసాదం పెడుతున్నాడు. ఆ రెండు నిమిషాలూ పిన్ని ముఖం చూడలేకపోయాను.

అసలు పరీక్ష కోట దగ్గర మొదలైంది. దీన్ని గజ్ కిలా, హాథీ కిలా అంటారు. గోడలు చాలావరకు పడిపోయాయి. ద్వారం దగ్గర గంగా యమునల శిల్పాలున్నాయి. రావణుడు తన తలలు నరికి అర్పిస్తున్న శిల్పం ఒకటుంది. పిల్లలు అక్కడి నుంచి కదల్లేదు. బోర్డులు హిందీలో, ఇంగ్లీషులో ఉన్నాయి. నేను చదివి తెలుగులో చెప్పాను. తెలుగు మాట తట్టనిచోట అమ్మ అందించింది.

రాత్రి చదివిన సంగతి అక్కడే చెప్పాను. 12వ శతాబ్దంలో రెండో రత్నదేవుడు కళింగ రాజు అనంతవర్మ చోడగంగను ఓడించాడని రతన్‌పూర్ రాజుల శాసనాలు చెబుతున్నాయి. ఆ శాసనాలను వి.వి. మిరాశీ పరిష్కరించి 1955లో పుస్తకంగా ప్రకటించారు.

చోడగంగ పేరు వినగానే అందరూ నా వైపు తిరిగారు. మా ఊరు శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి దగ్గర. గంగ రాజుల పాత రాజధాని కళింగనగరం ఆ ముఖలింగమే.

"ఏటమ్మా, మన రాజునే ఓడించేరా?" అంది నాయనమ్మ.

పెదనాన్న తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. "శాసనం వేయించినవాడు తన గెలుపే చెక్కిస్తాడమ్మా. రెండోవైపు వాళ్ళు రాసిందీ చూడాలి" అన్నారు. తర్వాత నాకు తెలియని సంగతి ఒకటి చెప్పారు. కలచురులు తమను హైహయ వంశం వారమని చెప్పుకునేవారు. మన పల్నాటి యుద్ధంలో తలపడిన నలగామరాజు, మలిదేవరాజు కూడా హైహయులే. వాళ్ళ పూర్వీకులు నర్మద వైపు నుంచి వచ్చారని కథ. "అంటే బ్రహ్మనాయుడూ, నాగమ్మా మంత్రాంగం నడిపింది ఈ వంశం పేరు చెప్పుకున్న రాజుల దగ్గరే" అన్నారు. కోటలో జగన్నాథుడి గుడి కూడా ఉంది. పూరీలో ఆ స్వామికి పెద్ద గుడి మొదలుపెట్టించింది చోడగంగే. నాయనమ్మ ఈ రెంటినీ కలిపి, "సరే, దేవుడినైనా ఉంచేరు" అని రాజీపడింది.

తర్వాత రామ్‌టేక్రీ. మరాఠాల కాలంలో, 1758 నుంచి 1787 వరకు, ఇక్కడి నుంచి పాలించిన బింబాజీ భోంస్లే ఆ కొండ మీద రాముడి గుడి కట్టించాడు. నాయనమ్మ మోకాళ్ళకు మెట్లు పడవు. ఆమెకు తోడుగా నేను కింద ఉండిపోయాను. పూలమ్మే ముసలమ్మ పక్కన కూర్చుంది. ఆమెది ఛత్తీస్‌గఢీ, నాయనమ్మది శ్రీకాకుళం తెలుగు. మధ్యలో నేను. కొడుకులు ఎందరు, పొలం ఉందా, ఈ ఏడు వరి ఎలా పండింది... కాసేపటికి నన్ను పక్కన పెట్టి చేతులతోనే మాట్లాడుకున్నారు. వాళ్ళు నవ్వింది దేనికో నాకు ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం ఖూటాఘాట్ జలాశయం గట్టు మీద పులిహోర తిన్నాం. ఖారంగ్ నది మీద బ్రిటిష్ కాలంలో కట్టిన ఆనకట్ట అది. ముంపులో మిగిలిన చెట్ల మోళ్ళ వల్ల, అంటే 'ఖూంటా'ల వల్ల, ఆ పేరు వచ్చిందని డ్రైవరు భయ్యా చెప్పాడు. ఊరగాయ తినిపిస్తే అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఇంకోసారి అడిగాడు.

రైలెక్కే ముందు నాయనమ్మ, "నువ్వు చెప్పినవన్నీ తెలుగులో రాసి పంపు. నేను మళ్ళీ చదివించుకుంటాను" అంది. బడిలో నేను హిందీ, సంస్కృతం చదివాను. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పినవే. నాలుగు పేజీలకు మూడు వారాలు పట్టింది.

ఉత్తరం నాయనమ్మ కంటే ముందు పెదనాన్న చేతిలో పడింది. దాన్ని ఫోటో తీసి తిరిగి పంపారు. ల, ళ తప్పులు పద్నాలుగు, అన్నిటికీ ఎర్ర సున్నాలు. పదిహేనో సున్నా మాత్రం తప్పులేని మాట చుట్టూ ఉంది. "రత్నదేవుడు మనల్ని ఓడించాడు" అని నేను రాసినచోట, 'మనల్ని' చుట్టూ సున్నా చుట్టి, పక్కన ఇలా రాశారు: "నాలుగేళ్ళు రతన్‌పూర్ పక్కన పెరిగావు. మనం అంటే ఎవరు?"