మోకాలి అరుగుదల – తొడకండకు వ్యాయామము

వరంగల్లు ప్రాంతమున మిరప కోతలు ముగియునప్పటికి నడివయసు దాటినవారు పలువురు మోకాలు పట్టుకొందురు. కీలులోని మెత్తని పొర అరిగినదని విని నడక మానుట తగదు. మానినకొలది తొడకండ సడలి, కీలుపై భారము హెచ్చును.

కుర్చీపై కూర్చుండి ఒక కాలు తిన్నగా చాచుడు. తొడకండ బిగించి 5 లెక్కించి, మెల్లగా దింపుడు. కాలికి 10 మార్లు, రెండుపూటల చేయుడు. గుణము కనబడుటకు 6 మొదలు 8 వారములు పట్టును. నారు పోసిన మరునాడే కాయ కోయము గదా! కొద్దిపాటి నొప్పి మరునాటికి తగ్గినచో భయము లేదు; తగ్గనిచో లెక్క తగ్గించుడు. మోకాలు వాచి, ఎఱ్ఱబడి, జ్వరము వచ్చినచో వెంటనే వైద్యునికి చూపుడు.

కల్లములో తాలుకాయలు ఏరునపుడు గొంతుకూర్చుండక ఎత్తుపీట వేసికొనుడు.