కొండవాలున గడ్డి కట్టుట

మన పల్లెలలో వరిగడ్డిని వామివేయుట మీరందఱును చూచియేయున్నారు. నేల సమముగా నుండుటచే ఆ పనిలో ప్రాణభయమను మాట మనకు తోచదు. ఇంగ్లాండునకు నైరృతిభాగమందలి డెవన్ మండలమున ఆ పని యట్లుండదు. అచ్చట ననేక పొలములు పెంకుటింటి కప్పువలె వాలియుండును. శీతకాలమున పసరములకు పచ్చిక చాలదు గనుక, వేసవిలోనే గడ్డిని కోసి, యెండబెట్టి, కట్టి దాచుకొందురు.

గడ్డిలో తేమ నూటికి 20 పాళ్లకు మించియుండగా కట్టినచో, లోపల సూక్ష్మజీవులు పెరిగి వేడి పుట్టును. ఆ వేడి ముదిరి, నిప్పు సోకకయే కొట్టము తగులబడుటయు కలదు. కావున గడ్డి యెండిన పిమ్మట, వాన రాకమునుపే ముగింపవలెనని కాపు తొందరపడును. ప్రమాదములకు ఈ తొందరయు నొక కారణమని మా యభిప్రాయము.

పూర్వపు చదరపు కట్టను ఒక మనుష్యుడు ఎత్తగలడు. ఇప్పటి గుండ్రని చుట్టయో, 300 మొదలు 600 కిలోల వఱకు తూగును. ట్రాక్టరు వెనుక లాగబడు యంత్రము గడ్డిని నేలనుండి ఎత్తుకొని, పట్టీలనడుమ చాపవలె చుట్టి, వలతో బిగించి, వెనుక తలుపు తెఱచి వదలును. ఇచ్చటనే మన పాఠమున్నది. ఒక సీసాను వాలుబల్లపై అడ్డముగా నుంచుడు, దొర్లిపోవును. దాని మూతిని పల్లమువైపునకు త్రిప్పి యుంచుడు, దొర్లదు. చుట్టయు నంతే. ట్రాక్టరు వాలువెంట ఎక్కుచునో దిగుచునో చుట్టను వదలినయెడల, అది బండిచక్రమువలె లోయకు పరుగెత్తును. వాలునకు అడ్డముగా పోవుచు వదలినచో, దాని చదునుమొగము పల్లమువైపునకుండి నిలుచును.

అట్లయిన ఎల్లప్పుడును అడ్డముగానే తోలరాదాయని మా విద్యార్థియొకడు అడిగెను. మంచి ప్రశ్న. అడ్డముగా పోవు ట్రాక్టరు ఒక ప్రక్కకు ఒరిగియుండును. మీదిచక్రము రాయినెక్కి, క్రిందిచక్రము గోతిలో దిగినప్పుడు, గురుత్వకేంద్రమునుండి దిగు నిలువుగీత చక్రములకు వెలుపల పడినచో బండి తలక్రిందులగును. కాబట్టి అనుభవజ్ఞులు నిలువుగా తోలి, చుట్ట పూర్తియైనను వెంటనే వదలక, వాలు తగ్గినచోటికి కొనిపోయి, అచ్చట అడ్డముగా త్రిప్పి వదలుదురు. బండి బోర్లపడినను తోలువాడు నలిగిపోకుండ ఇనుపచట్రము కావలెను. క్రొత్త ట్రాక్టరులకు దానిని స్వీడను దేశము 1959లోనే చట్టముచే విధించెను.

చట్రము తోలువానిని కాచునేగాని దారిని పోవువానిని కాచదు. 2010 సెప్టెంబరు 3వ తేదీన డెవన్‌లో సుమారు 600 కిలోల చుట్టయొకటి నిటారైన పొలమునుండి దొర్లి, కంచె దాటి, రహదారిపై పోవుచున్న వ్యానుమీద పడెను. దానిని నడుపుచున్న మైక్ ఎడ్వర్డ్స్ మరణించెను. ఆయన ‘ఎలక్ట్రిక్ లైట్ ఆర్కెస్ట్రా’ యను సంగీతబృందమున తొలినాళ్లలో సెల్లో వాయించినవాడు. వయస్సు 62 సంవత్సరములు. గడ్డిపనితో ఆయనకెట్టి సంబంధమును లేదు.

స్విట్జర్లాండులోని ఊరి మండలమున ఇంతకంటె నిటారైన చోట్లు కలవు. అచ్చటికి ఏ చుట్టయంత్రమును పోజాలదు. మనుష్యులు ఇనుపముండ్లు గల చెప్పులు తొడిగి, పొడవుపిడి కొడవళ్లతో కోసి, గడ్డిని వలలలో మూటగట్టి, లోయవఱకు బిగించిన తీగకు తగిలించి విడుతురు. ఆ మూట గాలిలో జారి కొట్టము చెంతకు చేరును.