ఫోన్‌లో మందుల లిస్ట్ ఉంటే సరిపోదు, అప్‌డేట్ కూడా చేయాలి!

నాన్న మందుల లిస్ట్ నా ఫోన్ నోట్స్‌లో ఉందిలే అని ధీమాగా ఉండేవాణ్ని. పోయిన నెల ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఆయన కళ్లు తిరిగి కూలబడిపోయారు. దగ్గర్లోని ఆసుపత్రిలో డాక్టర్ మొదట అడిగింది, 'ఏం మందులు వాడుతున్నారు?' అని. నా లిస్ట్ చూపించా. అది ఏడాది కిందటిది! ఇంటి నుంచి అమ్మ వాట్సాప్‌లో స్ట్రిప్‌ల ఫోటోలు పంపాక విషయం తెలిసింది. బ్రాండ్లు రెండు, కానీ రెండిట్లోనూ ఉన్నది టెల్మిసార్టానే. కొత్త చీటీలోది మొదలుపెట్టి, పాతది ఆపలేదు. అంటే బీపీ మందు డబుల్ డోస్.

అందుకే బ్రాండ్‌తో పాటు స్ట్రిప్ మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట అన్నవి రాయండి. డాక్టర్ ఆపమన్నవి వెంటనే తీసేయండి. లిస్ట్ మార్చిన తేదీ తప్పనిసరి.

ఇంకోటి, లిస్ట్ ఉండాల్సింది నా ఫోన్‌లో కాదు, నాన్న ఫోన్‌లో. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో 'సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ'లోకి వెళ్లి మెడికల్ వివరాలు నింపండి (కంపెనీని బట్టి పేర్లు కాస్త మారతాయి). ఐఫోన్‌లో హెల్త్ యాప్ తెరిచి, 'మెడికల్ ఐడీ'లో రాసి 'షో వెన్ లాక్డ్' ఆన్ చేయండి. అప్పుడు లాక్ తీయకుండానే ఎమర్జెన్సీ బటన్ నుంచి చూడొచ్చు. అయితే ఫోన్ ఎవరి చేతిలో పడినా చూడగలరు, కాబట్టి అవసరమైనవే రాయండి. మందు వేసుకునే టైమ్‌కి గుర్తుచేయాలంటే ఐఓఎస్ 16 నుంచి హెల్త్ యాప్‌లోనే 'మెడికేషన్స్' ఉంది.

ఇప్పుడు మెడికల్ షాపులో బిల్లు కట్టి, కౌంటర్ దగ్గరే నిలబడి నాన్న ఫోన్‌లో లిస్ట్ మార్చేస్తున్నా. ఇంటికెళ్లాక చేద్దామంటే మళ్లీ మర్చిపోతా.